తాతల నాటి ఇంటికి ఎవరు దిక్కు? ఎర్రమంజిల్ నుంచి దోమకొండ దాకా

క్లుప్తంగా: వందేళ్లు దాటిన కుటుంబ ఇళ్లను కాపాడాలని ఊరివాళ్లు, వారసులు, దూరదేశాల్లో ఉన్న బంధువులు చేసే ప్రయత్నాలు కొన్నిచోట్ల నిలబడుతున్నాయి, ఎక్కువచోట్ల వాట్సాప్ దగ్గరే ఆగిపోతున్నాయి. తేడా అభిమానంలో లేదు. కాగితాల మీద ఇల్లు ఎంతమంది పేరున ఉంది, ఏటా పైకప్పు ఖర్చు ఎవరు పెడతారు, లోపల రోజూ ఏం జరుగుతుంది అన్నవాటిలో ఉంది.

ఊళ్లో పాత మండువా లోగిలి కూల్చేస్తున్న ఫొటో ఒకటి గ్రూపులోకి వస్తుంది. రెండు రోజులు గోల. ఆ అరుగు మీద ఆడుకున్నవాళ్లు, ఆ ఇంట్లో పెళ్లి భోజనం చేసినవాళ్లు, ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగేవాళ్లు, తలా ఇంత వేసుకుందామనేవాళ్లు. మూడో రోజుకి జేసీబీ పని ముగించుకుని వెళ్లిపోతుంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాళ్లు కూల్చడానికి ఎలా సంతకం పెట్టారు, చట్టం ఎందుకు అడ్డుపడలేదు అన్నది మాత్రం గ్రూపులో ఎవరికీ తేలదు.

ఒక పెంకు జారితే

ముందు ఇంటి సంగతి. పెంకుటింటికి ఏటా తొలకరికి ముందు తప్పనిసరి పని ఒకటుంది, పైకప్పు ఎక్కి పెంకు సర్దించడం. విరిగినవి తీసి కొత్తవి వేయాలి, జారినవాటిని పైకి నెట్టాలి. ఇంట్లో మనుషులు ఉన్నన్నాళ్లూ ఇది పెద్ద ఖర్చు కాదు. చుక్క పడగానే ఎవరో ఒకరు గిన్నె పెడతారు, మర్నాడు మనిషిని పిలుస్తారు. ఇంటికి తాళం పడ్డాకే అసలు కథ మొదలవుతుంది. కోతులు పైకప్పు మీద పరుగెత్తి నాలుగు పెంకులు కదిలిస్తాయి (ఇప్పుడు పల్లెల్లో పాత ఇళ్లకు కోతులంత శత్రువు ఇంకొకటి లేదు), ఆ సందులోంచి నీరు వాసం మీదికి దిగుతుంది, వాసం మీంచి దూలానికి పాకి, దూలం కొస గోడలో దిగిన చోట ఇంకిపోతుంది. ఆ కొస గాలి తగలని చోటు. ముందు అక్కడే పుచ్చుతుంది, చెద కూడా అక్కడినుంచే ఎక్కుతుంది. కింద నిలబడి చూస్తే దూలం నిక్షేపంగా కనిపిస్తుంది. రంగు కూడా పోయి ఉండదు. ఒక వానాకాలం రాత్రి మొత్తం ఒక్కసారే కూర్చుంటుంది.

మండువా ఇంటికి ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి, మధ్య మండువాలోకి నీళ్లు దింపుతుంది. రెండు వాలులు కలిసే మూలల్లో నీటి ఉరవడి అంతా ఒకచోటికి చేరుతుంది. ఇంటికి అందం తెచ్చేది ఆ వాలే, ముందు కురిసేదీ ఆ మూలే.

బాగుచేయాలని మనసున్నవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటుంది. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది, కొన్నిచోట్ల కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కూడా కలిపేవారు. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోయి గోడ లోపల్లోపలే పొడి రాలుతుంది. నాలుగేళ్లకు పూత పెచ్చులుగా ఊడినప్పుడు "పాత గోడ కదా, ఇక నిలవదు" అని మేస్త్రీ తేల్చేస్తాడు. గోడ పాడైంది పాతదనం వల్ల కాదు, బాగుచేసిన తీరు వల్ల. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, దొరికినా కూలి ఎక్కువ, పని నిదానం. చందాలు పోగు చేసుకుని మొదలుపెట్టిన చాలా ప్రయత్నాలు మొదటి అంచనా చూసి చల్లబడేది ఇక్కడే.

పన్నెండు సంతకాలు

అయితే కురిసే ఇళ్లన్నీ కూలిపోవు. ఒక్కరి పేరున ఉన్న ఇల్లు ఎంత కురిసినా ఎప్పుడో ఒకప్పుడు బాగుపడే అవకాశం ఉంటుంది. పన్నెండు మంది పేరున ఉంటే కష్టం. ఉదాహరణకు వెయ్యి గజాల్లో ఇల్లు, తాతకు నలుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ముగ్గురు అనుకుందాం. మనవల తరానికి వచ్చేసరికి ఒక్కో వాటా 83 గజాలు. మండువాను 83 గజాల ముక్కలుగా కోయలేరు. పైకప్పుకు లక్ష ఖర్చయితే పన్నెండు మందీ ఒప్పుకోవాలి, అందులో ఇద్దరు ఫోనెత్తరు, ఒకరు "నాకు ఇల్లొద్దు, నా వాటా డబ్బివ్వండి" అంటారు. ఆయన అడిగేది అన్యాయమేమీ కాదు.

చట్టం కూడా చాలావరకు అలా అడిగేవాళ్ల వైపే ఉంటుంది. 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం ఆస్తిని సవ్యంగా పంచడం కుదరకపోతే, విడిగా గానీ కలిసి గానీ సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్లు అడిగినప్పుడు కోర్టు దాన్ని అమ్మించి డబ్బు పంచమనవచ్చు. అదే చట్టంలోని సెక్షన్ 4 చాలామందికి తెలియదు కానీ పాత ఇళ్ల విషయంలో పనికొచ్చేది. ఉమ్మడి కుటుంబం నివాసంలో ఒక వాటాను బయటివాడు కొనుక్కుని పంపకానికి దావా వేస్తే, కుటుంబంలోని వాటాదారు కోర్టు కట్టిన ధరకు ఆ వాటాను తానే తీసుకుంటానని అడగవచ్చు. ఇంటిని నిలబెట్టుకోవాలనే ఒక్క వారసుడి చేతిలో డబ్బుంటే ఇది మంచి ఆయుధమే. డబ్బు లేకపోతే మాత్రం ఆ సెక్షన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆడపిల్లలకు వాటా వచ్చాకే ఇళ్లు పోయాయి అనే మాట పెద్దల నోట తరచూ వినిపిస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 23 ఉండేది, మగవాళ్లు పంచుకుంటే తప్ప ఆడవాళ్లు నివాస గృహంలో పంపకం అడగకూడదని. 2005 సవరణతో అది పోయింది. అంతకు ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సొంత సవరణ తెచ్చి, 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. వాటాదారుల సంఖ్య పెరిగిన మాట నిజమే. కానీ అన్నదమ్ముల పంపకాల్లో నడిమికి గోడ కట్టేసి మండువాను పూడ్చేసిన ఇళ్లు అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి, కాబట్టి ఆ మాట సగమే నిజం.

బ్రిటన్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ పెద్ద కుటుంబ భవనాలు పోయింది ఎక్కువగా వారసత్వ పన్ను భారంతో. అందుకే 1937లో నేషనల్ ట్రస్టుకు ఇల్లు రాసిచ్చి, ఆ కుటుంబం అందులోనే ఉండే వీలు కల్పించారు. ట్రస్టు ఇంటిని చూసుకుంటుంది, జనం వచ్చి చూసిపోతారు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. ఇక్కడ ఇంటి మీద ఒత్తిడి పన్నుది కాదు, పంపకానిదీ స్థలం ధరదీ. వెయ్యి గజాలు బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తే తలా ఒక ఫ్లాట్ వస్తుంది. ఫ్లాట్‌ను పంచడం తేలిక, అమ్మడం తేలిక, అద్దెకివ్వడం తేలిక. ఆ లెక్కలో పాత ఇంటి విలువ సున్నా కూడా కాదు, కూల్చివేత ఖర్చు కింద మైనస్‌లో ఉంటుంది. టేకు తలుపులకు, దూలాలకు మాత్రం కొనేవాళ్లు వెంటనే దొరుకుతారు.

ఎర్రమంజిల్: నిలబెట్టింది ఒక నిబంధన

హైదరాబాద్‌లో 2019లో జరిగిన ఎర్రమంజిల్ వ్యవహారం ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ నేర్పింది. నిజాం కొలువులోని నవాబు ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో గుట్ట మీద కట్టించుకున్న నివాసం అది. నూటయాభైకి పైగా గదులు, ఐరోపా తరహా అలంకరణ. ఆ చోటు ఎర్రమట్టి గుట్ట కావడంతో తెలుగువాళ్ల నోట "ఎర్ర", పారశీకంలో స్వర్గపు తోట అనే అర్థమున్న "ఇరం", రెండూ కలిసి ఆ పేరు పుట్టిందంటారు. తర్వాతి కాలంలో అది ప్రభుత్వం చేతికి వచ్చింది. రికార్డులు దాచారు, ఇంజినీర్ల ఆఫీసులు పెట్టారు. ఇప్పుడు పక్కనే మెట్రో స్టేషన్.

2019 జూన్ 18న తెలంగాణ మంత్రివర్గం అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని తీర్మానించింది, అదే నెల 27న శంకుస్థాపన కూడా అయింది. అంటే పాత భవనాన్ని కూల్చాలి. నవాబు వారసులు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవాళ్లు, నగర పౌరులు హైకోర్టుకు వెళ్లారు. ఇక్కడ గమనించాల్సింది, వారసులకు అప్పటికి ఆ భవనం మీద యాజమాన్యం లేదు. వాళ్లు వాటా కోసం రాలేదు, కూల్చొద్దని వచ్చారు. బయటివాళ్లు, ఇంటివాళ్లు ఒకే మాట మీద నిలబడటం మామూలుగా కుదరనిది. ఇక్కడ కుదరడానికి ఒక కారణం బహుశా ఇదే, పంచుకోవడానికి ఏమీ లేకపోవడం.

సెప్టెంబర్ 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. గెలిపించింది జ్ఞాపకాలూ, సంతకాల సేకరణలూ కాదు. 1981 నాటి హైదరాబాద్ జోనింగ్ నిబంధనల్లో 1995లో చేర్చిన రెగ్యులేషన్ 13 ఒకటుంది, జాబితాలో ఉన్న వారసత్వ కట్టడాలను అనుమతి లేకుండా కూల్చకూడదని. 2015లో ప్రభుత్వం దాన్ని తొలగించింది, 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చింది. పాత జాబితాలోని కట్టడాలకు ఇప్పుడు రక్షణ ఉన్నట్టా, లేనట్టా? వాదనంతా అక్కడే తిరిగింది. రక్షణ పోలేదని, వర్తించే నిబంధనలను పట్టించుకోకుండా, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అనుమతి లేకుండా ముందుకెళ్లడం కుదరదని కోర్టు తేల్చింది.

ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఒక కమిటీ కూర్చుని జాబితాలో పేరు రాసి ఉండకపోతే ఆ కేసు నిలిచేది కాదన్నమాట. అయితే తీర్పు రద్దు చేసింది కూల్చే నిర్ణయాన్ని. గోడల్లో మొలిచిన రావి మొక్కలు పీకించడం, కప్పు బాగుచేయించడం వేరే పద్దు, దానికి ఎవరో బడ్జెట్‌లో డబ్బు పెట్టాలి. ఉద్యమం అక్కడిదాకా రావడం అరుదు. కూల్చివేత వార్తకు కెమెరాలు వస్తాయి, పైకప్పు టెండర్‌కు రావు.

దోమకొండ, కడప

కామారెడ్డి జిల్లా దోమకొండ కోటది దీనికి పూర్తిగా ఎదురు కథ. అది ఇప్పటికీ కామినేని కుటుంబానిదే. సినిమా వార్తలు చదివేవాళ్లకు ఉపాసన పుట్టింటివారి కోటగా తెలుసు. లోపల అద్దాల మేడ, మహాదేవుడి గుడి, నివాస భాగాలు ఉన్నాయి. చాలాకాలం శిథిలంగా పడి ఉన్నదాన్ని కుటుంబం ట్రస్టు పెట్టి, సంరక్షణ పని తెలిసిన ఆర్కిటెక్టును పెట్టుకుని, స్థానిక పనివాళ్లతో విడతలవారీగా బాగుచేయించింది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. అదే ఏడాది గోల్కొండలోని కుతుబ్‌షాహీ మెట్లబావులకూ పురస్కారం దక్కింది. కూలిపోతున్న ప్రైవేటు కోట ఊరి సాంస్కృతిక కేంద్రంగా మారడాన్ని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు.

ఇక్కడ పనిచేసిన యంత్రాంగం తేలికైనదే. నిర్ణయం తీసుకునేది ఒకచోట, డబ్బు అదే చోట, గుడికి ఊరివాళ్ల రాకపోకలు ఎప్పటినుంచో ఉన్నాయి. "మేమూ అలా చేద్దాం" అని అనుకునే మామూలు కుటుంబాలకు ఇబ్బంది కూడా అదే. ఆ మూడూ వాళ్లకు లేవు.

మామూలు మనుషులు చందాలతో సాధించిన ఉదాహరణ కావాలంటే కడప వెళ్లాలి. తెలుగు నిఘంటువు కూర్చిన ఆంగ్లేయ అధికారి సి.పి.బ్రౌన్ 1820ల్లో కడపలో పనిచేస్తున్నప్పుడు బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. తర్వాత ఆ బంగళా మొండిగోడలుగా మిగిలింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి తిరిగి, దాతలను కూడగట్టి, యర్రముక్కపల్లెలోని ఆ చోట సి.పి.బ్రౌన్ గ్రంథాలయాన్ని నిలబెట్టారు. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వెళ్లి భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. ఒక సంగతి దాచకూడదు, బ్రౌన్ తిరిగిన ఇల్లు మిగల్లేదు. మిగిలింది ఆ స్థలం, అక్కడ జరిగిన పని. సంరక్షణ నిపుణులు దీన్ని విజయంగా ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆలస్యంగా మేల్కొన్నవాళ్ల చేతిలో మిగిలే దారి చాలాసార్లు ఇదే. పైగా జీతాలిచ్చే సంస్థ ఒకటి వెనక ఉండటంతో వ్యవస్థాపకుడు పోయాక కూడా అక్కడ తలుపు తెరుచుకుంటోంది. విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమహేంద్రవరంలో వీరేశలింగం ఇల్లు స్మారకాలుగా నిలిచాయంటే ఆ పేర్ల బలం అలాంటిది. పేరు లేని మోతుబరి రైతు ఇంటికి ఆ అదృష్టం ఉండదు.

"రక్షిత కట్టడం" అంటే భయమెందుకు

వారసులు ఒప్పుకున్నా ఇరుగుపొరుగు అడ్డుపడటం మామూలు. దానికి కారణం ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోకి వచ్చిన కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లు అనుమతితోనే కట్టాలి. 2010 సవరణ తర్వాత ఇది మరీ గట్టిగా అమలవుతోంది. కుటుంబ ఇళ్లలో చాలా వాటికి ఆ స్థాయి గుర్తింపు రాదు, రాష్ట్ర చట్టం లేదా నగర జాబితా నియమాలు వేరు. కానీ "హెరిటేజ్" అన్న మాట వినపడగానే పక్కింటాయనకు తన రెండో అంతస్తు గుర్తొస్తుంది. రాత్రికి రాత్రి కూల్చేసిన ఇళ్ల వెనక ఈ భయం చాలాసార్లు ఉంటుంది, జాబితాలోకి ఎక్కక ముందే పని కానిచ్చేద్దామని.

దీనికి ముంబయి, అహ్మదాబాద్ ఒక విరుగుడు ప్రయత్నించాయి. పాత ఇల్లు కూల్చకుండా ఉంచితే, ఆ స్థలంలో కట్టే వీలుండీ కట్టుకోలేకపోయిన విస్తీర్ణానికి బదులుగా యజమానికి హక్కు పత్రం ఇస్తారు. టీడీఆర్ అంటారు. దాన్ని నగరంలో ఇంకోచోట కట్టే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. 2017లో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందిన అహ్మదాబాద్ పాతబస్తీలో కొయ్య ఇళ్ల మరమ్మతుకు ఈ డబ్బు ఉపయోగపడేలా చూశారు. మన దగ్గర టీడీఆర్ అనగానే గుర్తొచ్చేది రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లే. నగరాల్లో అయితే ఈ దారి పనికొస్తుంది. పల్లెలో ఆ హక్కు కొనేవాడెవడు? కోనసీమలోనో జనగామ పక్కనో ఉన్న ఇంటికి దీంతో ఒరిగేది తక్కువ.

తమిళనాడు చెట్టినాడు పరిస్థితి కొంత దగ్గర. బర్మా టేకుతో కట్టిన ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో వాటాదారులు. కొన్ని హోటళ్లయ్యాయి, కొన్ని షూటింగులకు అద్దెకు పోతున్నాయి, చాలా ఇళ్లు ఏడాదికోసారి పెళ్లికో పూజకో తెరుచుకుంటాయి. ఆ ఒక్కరోజు తెరవడాన్ని తీసిపారేయకూడదు. ఏటా అందరూ ఒకసారి వచ్చే ఇంట్లో పైకప్పు ఖర్చు మాట కనీసం చర్చకు వస్తుంది.

డాలర్లు వచ్చే దారి

ఊరివాళ్లలో సగం మంది విదేశాల్లో ఉన్నారు కాబట్టి చందాల మాట ముందు అక్కడినుంచే లేస్తుంది. ఇక్కడ తెలియక చిక్కుల్లో పడేవాళ్లున్నారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) మీద ఉంటే అతనిచ్చేది విదేశీ విరాళమే, తీసుకునే ట్రస్టుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఇల్లు బాగుచేయడానికి నిన్నగాక మొన్న పెట్టుకున్న సొసైటీకి అది వెంటనే దొరకదు.

ఇంకో చిక్కు, డబ్బు వచ్చాక ఇల్లు ఎవరిది అన్నది. వారసుల పేరునే ఉంచి ఊరి చందాలతో బాగుచేస్తే, రేపు విలువ పెరిగాక అమ్ముకోరని నమ్మకమేమిటి? దాతలు అడిగే ప్రశ్న ఇదే, అడగాలి కూడా. అందుకే పని మొదలయ్యే ముందే ట్రస్టుకు రిజిస్టర్డ్ దానపత్రం గానీ, దీర్ఘకాలపు లీజు గానీ రాయించుకున్నచోట గొడవలు తక్కువ. లీజుకు వారసులు ఒప్పుకోవడం తేలిక, ఎందుకంటే ఆస్తి పేరు మారదు.

ఎవరి జ్ఞాపకం

తెలంగాణలో ఇంకో సంగతీ ఉంది. గడీలు, అంటే దొరల కోటల్లాంటి ఇళ్లు. ఊరికి అది ఒక కుటుంబపు ఇల్లు మాత్రమే కాదు, వెట్టిచాకిరీ చేయించిన చోటు కూడా. సాయుధ పోరాటం తర్వాత కొన్ని వదిలేసినవి వదిలేసినట్టే పడిపోయాయి, కొన్ని బళ్లు, ఆఫీసులు అయ్యాయి. దొర మనవడికి అది బాల్యం, ఎదుటి వాడలోని వాళ్లకు తాత చేతులు కట్టుకుని నిలబడిన వాకిలి. కాపాడుదాం రండి అంటే ఊరు మొత్తం ఎందుకు కదలదో అర్థం కానివాళ్లు ఈ లెక్క మర్చిపోతారు. బడిగానో గ్రంథాలయంగానో మారిన గడీకి ఈ ఇబ్బంది తగ్గుతుంది, తాతను లోపలికి రానివ్వని గుమ్మం మనవరాలు రోజూ సంచి వేసుకుని దాటుతుంది కాబట్టి.

రాబోయే పదేళ్లలో ఎక్కువ ఒత్తిడి పడబోయేది జిల్లా కేంద్రాల్లోని ఇళ్ల మీద. అక్కడ స్థలం ధర హైదరాబాద్ దారి పడుతోంది, జాబితా లేదు, టీడీఆర్ కొనే మార్కెట్ లేదు, వారసులు మూడో తరానికి చేరారు. ఇంట్లో ఇంకా ఒక పెద్దావిడ ఉన్నంతకాలం ఎవరూ పంపకం ఎత్తరు. దానపత్రమో లీజో రాయించుకోవడానికి అనువైన సమయం అదే, ఆ మాట ఆవిడ ముందు ఎత్తడానికి అందరికన్నా ఇబ్బందిపడే సమయమూ అదే.